పదో రోజు రింగు

ఆ చుట్టుపక్కల ఏ కొట్లో కాటా మొరాయించినా గ్రాముల మావయ్యకి కబురు వెళ్లాల్సిందే. కిరాణా కొట్టు తక్కెడ మొదలు లారీలెక్కే పెద్ద కాటా దాకా, ఆయన చెయ్యి పడందే ముల్లు సున్నా మీద నిలబడదు. ఆ పని బయట చేసుకుని ఊరుకుంటే ఆ పేరు వచ్చేది కాదు. ఇంట్లోనూ తూకమే. టీపొడి తూచి వేస్తాడు. ఒంటిసబ్బు తూచి, "ఈ వారం నువ్వు ఎక్కువ రుద్దావ్" అని పెళ్లాం మీద నేరం మోపుతాడు. ఒకసారి జ్వరం వస్తే మందుబిళ్లని కూడా కాటాలో వేసి, అట్ట మీద రాసిన దానికంటే బరువుందని డాక్టరు దగ్గరికి వెనక్కి పట్టుకెళ్లాడు. అది పైపూత బరువు నాయనా అని నచ్చజెప్పి పంపేసరికి ఆ డాక్టరుకే జ్వరం వచ్చినంత పనైంది.

ఆయన భార్య ఒక హాస్టల్లో వంటమనిషి. అందరూ వంటక్క అంటారు. రోజూ మూడొందల మందికి వండుతుంది, ఒక్కనాడూ కొలతగిన్నె ముట్టుకోదు. ఉప్పు చేత్తో, నూనె కంటితో, నీళ్లు చప్పుడుతో. ఈ ఇద్దరూ ఒకే కప్పు కింద ముప్పై ఏళ్లు ఎలా నెట్టుకొచ్చారని ఎవరైనా అడిగితే, "వంటిల్లు నాది, డాబా ఆయనది" అంటుంది ఆవిడ.

డాబా మీద ఏముందంటే పావురాలున్నాయి. పందెం పావురాలు. ఇరవై రెండేళ్లుగా పెంచుతున్నాడు. ఆవిడ ఆ మెట్లెక్కి మాత్రం ఆరేళ్లయింది. హాస్టల్లో ఆవిడకి సన్మానం పెట్టుకున్న రోజు పొద్దున, డాబా మీద ఆరేసిన తెల్లచీరకి పావురాలు తమ తరఫున సన్మానం ముందే చేసేశాయి. "మళ్లీ ఆ మెట్టెక్కితే అప్పుడడగండి" అంది. అన్నమాట మీద నిలబడింది.

పావురాల మేత విషయంలో మావయ్యది ఒకటే సిద్ధాంతం. ఆకలి మీదున్న పక్షి ఎక్కడా ఆగకుండా గూటికొస్తుంది, పొట్ట నిండిన పక్షి దారిలో ప్రతి నీళ్లట్యాంకు మీదా కూర్చుని ఊరు చూస్తుంది. అందుకని ఒక్కో పక్షికి పూటకి పదిహేను గ్రాములు. గింజ ఎక్కువైతే ఏరి తీసేస్తాడు. పందేల రోజుల్లో అది సబబే, అందులో వంక పెట్టడానికేం లేదు. కాకపోతే ఆయన నోట్‌బుక్కులో పావురానికి ఏడాదంతా ఒకటే కాలం.

ఆ నోట్‌బుక్కులో మిగతా పావురాలన్నీ ఒక ఎత్తు, పెద్దమ్మాయి ఒక ఎత్తు. పెద్దమ్మాయి అంటే ఆయన గూట్లో పుట్టి, గాలివానలో తడిసి ముద్దయి కూడా అందరికంటే ముందు ఇల్లు చేరి, ఆయనకి మొట్టమొదటి కప్పు తెచ్చిపెట్టిన ఆడపక్షి. ఇప్పుడు దానికి పదేళ్లు, పావురాల లెక్కలో ముసలమ్మ. దానికి జోడీగా, పెయింటింగ్ పనులు చేసే బావమరిది తన గూట్లోంచి ఒక కుర్ర మగపక్షిని ఇచ్చాడు. మావయ్య దాన్ని అల్లుడుగారూ అని పిలుస్తాడు, బావమరిది ఎదురుగా ఉంటే మరీ గట్టిగా.

పెద్దమ్మాయి పిల్లలు మాత్రం బతకట్లేదు. కిందటేడు ఒక ఈత, ఈ ఏడు మొదట్లో ఇంకో ఈత, రెండుసార్లూ తొమ్మిదో రోజుకల్లా చిక్కి శల్యమై పోయాయి. నీళ్లు మార్చి చూశాడు, గూడు మార్చి చూశాడు, పక్కింటి పిల్లిని అనుమానించాడు, చివరికి పక్కింటాయన కంటిని కూడా అనుమానించాడు. ఇప్పుడు మూడోసారి రెండు గుడ్లు పెట్టింది, అందులో ఒకదాని పెంకు పల్చగా ఉంది. ఇక ఇవే ఆఖరివని ఆయనకి తెలిసిపోయింది. దాని కడుపున పుట్టిన ఒక్క పిల్లకైనా తన గూటి రింగు తొడిగి పందెంలోకి వదలాలి. ఆయనకున్నది అదొక్కటే కోరిక.

ఆ రింగు సంగతి చెప్పాలి. పందేల కమిటీ వాళ్లు ఏటా నంబర్లేసి ఇచ్చే ఆ రింగుకి అతుకుండదు. పిల్ల పాదం లేతగా ఉన్నప్పుడే ముందు వేళ్లు మూడూ దగ్గరకి చేర్చి ఎక్కించాలి, వెనకవేలు చివర్లో బయటికి తియ్యాలి. తొందరపడితే జారి పడిపోతుంది. ఆలస్యమైతే ఎక్కనే ఎక్కదు. రింగు లేని పక్షి ఎంత మొనగాడైనా పందెంలోకి రానివ్వరు. బావమరిదీ, వాడి స్నేహితులూ ఏడో రోజున వేసేవాళ్లు. మావయ్య మాత్రం ఎప్పుడూ పదో రోజునే. ఏడో రోజున ఒకటి రెండుసార్లు వేసి చూస్తే జారిపోయిందట. "మీవాళ్లకి అన్నిటికీ తొందరే" అని బావమరిదిని దెప్పేవాడు.

పద్దెనిమిదో రోజుకి గుడ్లు పగిలాయి. పసుపు నూగుతో, కళ్లు తెరవని రెండు పిల్లలు. మొదట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతు కింద తిత్తిలో ఊరే చిక్కటి పాలు పడతాయి, అదేం చిత్రమో పావురాల్లో మగవాడికీ పాలొస్తాయి. "చూశావా, మా అల్లుడు" అని మెట్ల మీంచి వంటింట్లోకి కేకేశాడు మావయ్య. "మీరూ నేర్చుకోవాల్సింది" అని కిందినుంచి జవాబొచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం లారీ కాటా బాగుచెయ్యడానికి వెళ్లాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, "గుంట ఉంది, గుంట ఉంది, జాగ్రత్త" అని చుట్టూ ఉన్నవాళ్లకి చెప్తూ చెప్తూ తనే వెనక్కి నడిచి గుంటలో పడ్డాడు. చీలమండ బూరెలా పొంగింది. పది రోజులు మెట్ల మాటెత్తొద్దన్నాడు డాక్టరు. పాత పరిచయమే కాబట్టి, మాత్రలు తూచొద్దని కూడా చెప్పి పంపాడు.

బావమరిది ఎక్కడో పెద్ద బిల్డింగుకి రంగులేస్తూ నాలుగైదు రోజుల దాకా రాడు. మంచం మీద పడుకుని మావయ్య కప్పు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, మళ్లీ కప్పు వైపు చూశాడు.

"నన్నలా చూడకండి. నేనెక్కను" అంది వంటక్క.

"నిన్నెక్కమని అన్నానా?"

"మీ కళ్లు అంటున్నాయి."

"పెద్దమ్మాయి ఆఖరి పిల్లలే అవి..." అన్నాడాయన. ఆ గొంతులో తూకం కాస్త తప్పింది. ఆవిడ చేతులు తుడుచుకుని, "రాసివ్వండి. ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో" అంది.

చీటీ మీద ఇలా ఉంది: నీళ్లు రోజూ మార్చాలి. పిల్లల గదిలో ఆరు పక్షులు, పక్షికి పదిహేను, మొత్తం తొంభై గ్రాములు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రోజూ పిల్లల్ని తూచి కిందికొచ్చి చెప్పాలి. జాలిపడకూడదు. ఆఖరి మాట కింద రెండు గీతలు.

నాలుగో రోజు పొద్దున వంటక్క ఆరేళ్ల పంతం గట్టున పెట్టి మెట్లెక్కింది. చీటీ ప్రకారం తొంభై గ్రాములు తూచి తొట్టిలో పోసింది. ఆ గదిలో మూడు జంటలు. రెండు కుర్ర జంటలు దూకి పడ్డాయి, వాటి మధ్య అల్లుడు దూరి దొరికినకాడికి మింగాడు. పెద్దమ్మాయి మాత్రం కదల్లేదు, రెక్కల కింద పిల్లలున్నాయి కదా. అల్లుడు తిని, నీళ్లు తాగి, తీరిగ్గా వచ్చి గూట్లో కూర్చున్నాకే అది లేచింది. అది తొట్టి దగ్గరికి దిగేసరికి తొట్టిలో తొట్టే మిగిలింది. మూలల్లో పొట్టు ఏరుకుంది. పొట్ట నిండా నీళ్లు తాగింది. మళ్లీ గూటికెక్కింది.

అల్లుడు పెట్టిన కాస్తా చాలక పిల్లలు రెండూ తలలెత్తి దాని నోట్లోకి ముక్కులు దూర్చాయి. అది మెడ సాగదీసి, ఒళ్లంతా కుదిపి కక్కబోయింది. నీళ్లొచ్చాయి. ఇంకోసారి కుదిపింది. మళ్లీ నీళ్లే. అయినా ఆపలేదు, లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెద్దామనో అలా కుదుపుకుంటూనే ఉంది.

హాస్టల్లో ఆఖరి బస్సుకి వచ్చే పిల్లలుంటారు. ఆ ఆఖరివాడి పళ్లెం మూతకింద తీసిపెట్టనిదే వంటక్క ఏనాడూ వడ్డన మొదలుపెట్టలేదు. అలాంటి మనిషి ఎదురుగా ఇది జరుగుతోంది. అదీ తన ఇంటి డాబా మీద. బఠాణీల డబ్బా నిండుగా ఉంది, మొక్కజొన్న నిండుగా ఉంది, గోధుమలు మూత పట్టనంత ఉన్నాయి. ఆవిడ చీటీ తీసి చదివింది. మడిచి కొంగున ముడేసుకుంది. గింజల్లోకి అరచెయ్యి దించింది.

తొట్టి నిండింది. పెద్దమ్మాయి గూటి ముందు విడిగా ఒక గిన్నె వెలిసింది, అందులో నానబెట్టిన బఠాణీలు. గవ్వపొడీ ఉప్పూ పెట్టే పళ్లెం కడిగి కొత్తగా నింపింది. ముసలి పక్షి ఆ గిన్నె వైపు ఒక కన్ను, ఆవిడ వైపు ఒక కన్ను వేసి కాసేపు నమ్మలేదు. "తినవే తల్లీ, ఆయన కింద పడున్నాడులే" అంది వంటక్క.

"ఎంత పెట్టావ్?" అన్నాడు మావయ్య ఆవిడ దిగగానే.

"మీ చీటీ చూసే పెట్టాను." చూడటం వరకూ నిజమే మరి.

అప్పట్నుంచి రోజుకి నాలుగుసార్లు ఎక్కడం, దిగడం. మెట్ల మీద అడుగుల చప్పుడు లెక్కపెట్టి, "రెండుసార్లేగా పెట్టమన్నాను?" అన్నాడు. బట్టలారేస్తున్నానంది. ఆరేళ్లుగా పెరట్లోనే ఆరేస్తున్న మనిషి! మావయ్య తలగడ సరిచేసుకున్నాడు.

పిల్లల బరువులు మాత్రం ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది, ఎందుకంటే అబద్ధం చెప్పడానికి సరైన అంకె ఎంతో ఆవిడకి తెలియదు. నాలుగో రోజు ఒక్కోటీ నలభై ఎనిమిది గ్రాములు. ఐదో రోజు డెబ్బై ఐదు. ఆరో రోజు నూట పది.

"గుడ్డతో కలిపి తూచావా?"

"గుడ్డా లేదు, గిన్నే లేదు."

ఏడో రోజు నూట యాభై రెండు. మావయ్య నోట్‌బుక్కు తెప్పించుకుని పేజీలు తిరగేశాడు. ఇరవై రెండేళ్లలో ఏడో రోజున ఏ పిల్లా తొంభై దాటలేదు. "కాటా చెడిపోయింది" అని తేల్చేశాడు. తను చేత్తో చేసిన కాటా. ఇరవై రెండేళ్లలో దాని మీద ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. కిందికి తెప్పించి, మంచం మీద పలక పెట్టి, దాని మీద నిలిపి, ఇత్తడి రాళ్లు ఒక్కొక్కటే వేసి చూశాడు. ఐదు గ్రాములకి ఐదు. యాభైకి యాభై. రెండొందలకి రెండొందలు. ముల్లు ఇటు అటు వెంట్రుకవాసి ఊగలేదు.

ఆయన నెమ్మదిగా తలెత్తాడు. "ఎంత పెడుతున్నావ్?"

"కొలవలేదు."

"కొలవ... లేదా?"

"లేదు. తిన్నంత."

"పందెం పక్షుల్ని పందుల్ని చేస్తున్నావ్!"

"పిల్లల్ని సాకేటప్పుడు పందెం ఏంటండీ? దానికి ఒక పొట్టా? మూడు పొట్టలు! అది దిగేసరికి తొట్టి ఖాళీ. ఎప్పుడైనా చూశారా?"

చూడలేదు. గింజలు పోసి, పైసా తేడా లేకుండా పంచానని తృప్తిపడి దిగిపోయేవాడు. ఇంకా ఏదో అనబోయాడు గానీ, నూట యాభై రెండు అన్న అంకె ఎదురుగా కూర్చునుంటే నోట్‌బుక్కు మూసేశాడు.

సరిగ్గా అప్పుడే బావమరిది ఊడిపడ్డాడు, చేతుల మీద ఇంకా ఆకుపచ్చ రంగు మరకలతో. వాడు బావ కాలు చూడ్డానికొచ్చి ముందు డాబా ఎక్కి పిల్లల కాళ్లు చూసొచ్చాడు. "బావా, దుక్కల్లా ఉన్నాయి పిల్లలు! రింగు ఇవాళే వేసెయ్యాలి. రేపంటే కష్టం."

"పదో రోజు" అన్నాడు మావయ్య.

"పాదాలు చూశాకే చెప్తున్నా."

"ఇరవై రెండేళ్లుగా పదో రోజునే వేస్తున్నానురా. చక్కగా ఎక్కుతుంది."

"నీ పిల్లలకి పదో రోజుక్కూడా ఏడో రోజు కాళ్లే ఉంటాయి బావా, అందుకే ఎక్కుతుంది" అని వాడు నవ్వాడు. సరదాకే అన్నాడు. కానీ పెళ్లాం ముందు అప్పుడే ఒకసారి ఓడిపోయినవాడు బావమరిది ముందు రెండోసారి ఓడతాడా? రింగుల డబ్బా తాళంచెవి చొక్కా జేబులో ఉంది. దాని మీద చెయ్యి వేసుకుని, తా పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు పడుకున్నాడు. ఎనిమిదో రోజు వంటక్క అడిగింది, ఇవ్వలేదు. తొమ్మిదో రోజు మళ్లీ అడిగింది, నిద్ర నటించాడు.

తొమ్మిదో రోజు ఆయనకి అసలు నిద్రెక్కడిది. రెండుసార్లు పిల్లలు పోయింది ఆ రోజునే. పొద్దున్నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు, ఆవిడ మెట్లు దిగే చప్పుడు కోసం చెవులప్పగించి కూర్చున్నాడు. ఆవిడ దిగొచ్చి, "ఉన్నాయండీ. నా వేలు కొరికేసేట్టున్నాయి" అంది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. వంటక్క చూడనట్టు వంటింట్లోకి వెళ్లి, ఉత్త గిన్నెనే కాసేపు గట్టిగా తోమింది.

పదో రోజు మావయ్య డాక్టరు మాట పక్కనపెట్టి మెట్లెక్కాడు. ఎక్కడం అంటే వెనక్కి తిరిగి కూర్చుని, ఒక్కో మెట్టూ ఒంటికాలితో తన్నుకుంటూ పైకి జరగడం. పదిహేడు మెట్లకి పదిహేడుసార్లు "అబ్బా" అన్నాడు. వెనక వంటక్క, పైన కాలు ఆనించడానికి తలగడ పట్టుకుని, "మీ ఒళ్లు కూడా తూచుకోవాల్సింది, ఎంత మోసుకెళ్తున్నారో తెలిసేది" అంటూ ఎక్కింది.

గూటి ముందు చతికిలబడి, పిల్లని చేతిలోకి తీసుకున్నాడు. ఆ బరువుకి చెయ్యి దిగింది. ఇంత బరువైన పిల్ల ఆయన చేతిలోకి ఎప్పుడూ రాలేదు. వెచ్చగా, గొంతు కింద తిత్తి నిండా గింజలతో, వేళ్లు పెడితే గలగలమంటోంది. ముందు మూడు వేళ్లూ దగ్గరకి చేర్చాడు. రింగు దూర్చాడు. వేళ్లు దాటి పాదం దగ్గర ఆగిపోయింది. సబ్బు రాశాడు. నూనె రాశాడు. ఇంకాస్త నొక్కాడు. పిల్ల కీచుమంది. ఆ క్షణంలో పెద్దమ్మాయి, పదేళ్లలో ఒక్కసారైనా ఆయన మీద ముక్కెత్తని పక్షి, రెక్కతో ఆయన చెంప మీద ఫెడీమని కొట్టింది.

ఆయన రింగు వెనక్కి తీసేశాడు. రెండోదానికి పెట్టి చూశాడు, నొక్కలేదు. అదీ అంతే.

"ఎక్కట్లేదా?" అంది వంటక్క.

"ఎక్కదు."

చేతులు కాలాక ఆకులెందుకు. పెద్దమ్మాయి పిల్లలు ఇక ఏ పందెంలోకీ వెళ్లవు. అదొక్కటే కదా ఆయన కోరింది. వంటక్కకి భయమేసింది, తను పెట్టిన మేతే దీనంతటికీ కారణమంటాడేమోనని. జవాబు కూడా సిద్ధం చేసుకుంది. ఆయన మాత్రం ఆ రింగుని అరచేతిలో వేసుకుని అలాగే చూస్తున్నాడు.

"ఇరవై రెండేళ్లూ పదో రోజునే ఎక్కిందే. చక్కగా, సబ్బు కూడా లేకుండా" అన్నాడు. రింగు తిప్పి చూసి, "అంటే అవన్నీ పస్తులున్నాయన్నమాట" అన్నాడు.

ఊళ్లో అందరి కాటాలూ సరిచేసినవాడు. తన కాటాలో కూడా తప్పు లేదు. వంటక్క పక్కన కూర్చుని ఆయన చెంప మీద రెక్క తగిలిన చోట కొంగుతో తుడిచింది. తుడవడానికి అక్కడ కొంచెం తడి కూడా ఉంది.

"ఎంత పెట్టాలి?" అన్నాడు చివరికి.

"కొంచెం మిగిలేదాకా."

"కొంచెమంటే ఎంత?"

"కొంచెమంటే కొంచెమేనండీ!"

ఆ రింగులు రెండూ ఇప్పుడు వంటక్క తాళాల గుత్తికి ఉన్నాయి, నడుస్తుంటే గలగలమంటాయి. రింగులేని పిల్లలు పెరిగి పెద్దవై, దారిలో ప్రతి నీళ్లట్యాంకు మీదా కూర్చుని ఊరు చూసి తీరిగ్గా ఇంటికొస్తాయి, వాటినడిగేవాడు లేడు. ఈ మధ్యే ఒకటి జతకట్టి గుడ్లు పెట్టింది. వాటి పిల్లలకి ఏడో రోజు పొద్దున్నే మావయ్య రింగులేశాడు, బావమరిదిని పిలిచి మరీ. వాడు ఏదో అనబోతే, "నోరు మూసుకుని పట్టుకోరా" అన్నాడు.

మనిషి మారాడా అంటే, పందేల రోజుల్లో పదిహేను గ్రాములు పదిహేనే. పిల్లల కాలంలో మాత్రం తొట్టి నింపి, పక్కన పీట వేసుకుని కూర్చుంటాడు. కుర్ర జంటలు తింటాయి, పోతాయి. అల్లుడు తింటాడు, పోతాడు. పెద్దమ్మాయి ఇక గుడ్లు పెట్టట్లేదు, అయినా ఆ అలవాటు పోక అందరికంటే ఆఖర్న దిగుతుంది. తొందరపడదు. ఒక్కో బఠాణీ ఏరుకుని, తలెత్తి చుట్టూ చూసి, మళ్లీ ఇంకోటి తింటుంది. అది తిని ఎగిరాక మావయ్య తొట్టిలో ఉన్నది ఊడ్చి, కాటాలో పోసి, నోట్‌బుక్కు తీస్తాడు. పెట్టింది అని ఉండే చోట ఇప్పుడు కొట్టేసి, మిగిలింది అని రాసి ఉంది. దాని కింద ఇవాళ్టిది రాశాడు. పదకొండు గ్రాములు.